వెబ్ ఏపీఐ స్కాఫోల్డింగ్

ఒక అప్లికేషన్ ఏయే సమాచారాన్ని భద్రపరచాలో క్లుప్తంగా చెబితే, ఆ సమాచారాన్ని ఇంటర్నెట్ ద్వారా చదవడానికి, చేర్చడానికి, మార్చడానికి, తొలగించడానికి కావలసిన కోడ్‌ను మరొక ప్రోగ్రామే రాసిపెట్టే పద్ధతిని స్కాఫోల్డింగ్ అనీ, అలా రాసిపెట్టే ప్రోగ్రామును కోడ్ జనరేటర్ అనీ అంటారు. రెండు ప్రోగ్రాములు పరస్పరం సమాచారం అడిగి పుచ్చుకోవడానికి ఏర్పరచుకున్న కట్టుబాట్లు ఏపీఐ కాగా, అందులో ఒక్కొక్క అభ్యర్థనను అందుకునే చిరునామా ఎండ్‌పాయింట్. గ్రంథాలయ అప్లికేషన్‌లో పుస్తకాలకు రాసిన ఎండ్‌పాయింట్లు, సభ్యులకు రాసినవి దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి కనుక, ఆ అచ్చును జనరేటర్‌కు అప్పగించడం సహజంగానే జరిగింది. అయితే పుట్టిన కోడ్ ఆ తర్వాత ఎవరి అధీనంలో ఉండాలి, దానిని మనిషి దిద్దవచ్చునా అన్న ప్రశ్న ఈ చరిత్ర పొడవునా వెంట వచ్చింది.

ఈ ఆలోచన వెబ్ కంటే పాతది. అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ రూపొందించిన వ్యవస్థలో, ఒక కంప్యూటర్‌లోని ప్రోగ్రాము మరో కంప్యూటర్‌లోని ప్రొసీజర్‌ను తన సొంతదాన్ని పిలిచినట్టే పిలవగలిగేది. వారు 1984లో ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం, పిలుపును సందేశంగా మార్చి పంపే, వచ్చిన సందేశాన్ని విప్పి చదివే స్టబ్ అనే భాగాలను లూపైన్ అనే జనరేటర్ తయారుచేసేది. సన్ మైక్రోసిస్టమ్స్ వారి ఆర్‌పీసీజెన్, 1991లో వెలువడిన కోర్బా ప్రమాణం, 2000లో వచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్ వివరణ భాష ఇదే బాటలో నడిచాయి. వీటన్నిటిలోనూ పుట్టిన స్టబ్‌లను ఎవరూ చేత్తో దిద్దరు. వివరణ మారినప్పుడల్లా వాటిని తిరిగి పుట్టిస్తారు.

1999లో వెలువడిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ గ్రంథంలో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్, ఇలా కోడ్‌ను తిరిగి పుట్టించే పద్ధతికీ, పుట్టిన కోడ్‌ను మనిషికి వదిలేసే పద్ధతికీ ఉన్న తేడాకు స్పష్టమైన పేర్లు పెట్టారు. ఒక్కసారి నడిచి, ఫలితాన్ని ప్రోగ్రామర్‌కు అప్పగించి తప్పుకునేది నిష్క్రియ జనరేటర్ కాగా, ఫలితం అవసరమైన ప్రతిసారీ మళ్లీ నడిచేది సక్రియ జనరేటర్.

నిష్క్రియ పద్ధతికి వెబ్ లోకంలో ప్రాచుర్యం తెచ్చింది డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ 2004లో విడుదల చేసిన రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్. పదిహేను నిమిషాలలో ఒక బ్లాగును నిర్మించి చూపిన 2005 నాటి ప్రదర్శన వీడియో దానిని ఎందరికో పరిచయం చేసింది. తొలినాళ్లలో రైల్స్‌లో రెండు రకాల స్కాఫోల్డింగ్ ఉండేది. ఒకటి, అభ్యర్థనలకు స్పందించే భాగమైన కంట్రోలర్‌లో రాసిన ఒకే వాక్యంతో, కంటికి కనిపించే కోడ్ ఏదీ లేకుండా, ప్రోగ్రాము నడిచే వేళ పనులన్నీ సమకూర్చేది. రెండవది, చదివి దిద్దుకోగల ఫైళ్లను సృష్టించేది. 2007 డిసెంబరులో వచ్చిన రైల్స్ 2.0 మొదటిదానిని మూలవ్యవస్థ నుంచి తొలగించింది. కొత్తగా నేర్చుకునేవారికి కళ్ల ముందున్న కోడ్ ఇచ్చే మేలు, కనబడని సౌకర్యం ఇవ్వలేదు కనుక అది సరైన నిర్ణయమే.

రైల్స్ ఫైళ్లలోని ఎండ్‌పాయింట్ల అచ్చు మాత్రం మరో చోటి నుంచి వచ్చింది. రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో రెస్ట్ అనే నిర్మాణ శైలిని వివరించాడు. ప్రతి వస్తువునూ చిరునామా గల వనరుగా భావించి, దానిపై జరిగే పనులను గెట్, పోస్ట్, డిలీట్ వంటి హెచ్‌టీటీపీ పద్ధతులతోనే తెలపడం వెబ్‌లో ఈ శైలికి స్థిరపడిన రూపం. 2007 జనవరి నాటి రైల్స్ 1.2 ఈ శైలిని జనరేటర్‌లోకే తెచ్చి, ఒకే కంట్రోలర్ మనుషులకు హెచ్‌టీఎంఎల్ పేజీని, యంత్రాలకు ఎక్స్ఎంఎల్‌ను అందించేలా చేసింది. సిద్ధాంత గ్రంథం చదవని వేలాది ప్రోగ్రామర్లు కూడా జనరేటర్ ఇచ్చిన ఫైళ్లను చూసే ఈ పద్ధతిని అలవరచుకున్నారనడం అతిశయోక్తి కాదు.

అచ్చులోని లోపమూ అంతే వేగంగా వ్యాపిస్తుంది. ఫారంలో వచ్చిన విలువలన్నిటినీ వడపోయకుండా నేరుగా రికార్డుకు అందించే వాక్యం చాలాకాలం స్కాఫోల్డ్ కోడ్‌లో ఉండేది. దీనివల్ల ఫారంలో లేని గడులను సైతం బయటివారు మార్చే ప్రమాదం ఉండేది. 2012 మార్చిలో ఈ తరహా బలహీనత ఆధారంగానే ఒక వ్యక్తి గిట్‌హబ్‌లోని రైల్స్ ప్రాజెక్టులోకి అనుమతి లేకుండా కోడ్ చేర్చి చూపించాడు. 2013లో వచ్చిన రైల్స్ 4 నుంచి, అనుమతించిన గడుల పేర్లను విడిగా పేర్కొనే మెథడ్‌ను జనరేటరే రాసిపెడుతోంది.

సక్రియ పద్ధతి ఈలోగా స్వాగర్ రూపంలో తిరిగి బలపడింది. ఆన్‌లైన్ నిఘంటువు వర్డ్‌నిక్‌లో టోనీ టామ్ ప్రారంభించిన ఈ ప్రాజెక్టు 2011లో బయటకు వచ్చింది. దాని వివరణ ప్రమాణం 2015లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని సంఘానికి చేరి, మరుసటి ఏడాది ఓపెన్‌ఏపీఐగా పేరు మార్చుకుంది. ఎండ్‌పాయింట్లను యామల్ లేదా జేసన్ ఫైలులో వర్ణిస్తే, స్వాగర్ కోడ్‌జెన్ అనేక భాషలలో సర్వర్ అస్థిపంజరాన్ని, దానిని పిలిచే క్లయింట్‌ను తయారుచేస్తుంది. 2018లో దాని నుంచి చీలిన ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌ను స్వచ్ఛంద కార్యకర్తల బృందం నిర్వహిస్తోంది. ఇక్కడ చిక్కల్లా మనిషి రాసిన తర్కం తదుపరి పుట్టింపులో చెరిగిపోకుండా కాపాడుకోవడమే. అందుకే తిరిగి రాయకూడని ఫైళ్ల జాబితాను ఈ జనరేటర్‌కు ముందే ఇచ్చే వీలుంది. జావా స్ప్రింగ్ సర్వర్ల విషయంలో, పుట్టించిన ఇంటర్‌ఫేస్‌ను ఒకచోట, అసలు పనిని వేరే క్లాసులో ఉంచే ఏర్పాటు కూడా ఉంది.

2018 డిసెంబరులో వెలువడిన పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐ దిశను తిప్పి, రాసిన కోడ్ నుంచే ఓపెన్‌ఏపీఐ వివరణను పుట్టిస్తుంది. రైల్స్ మాత్రం నిష్క్రియ మార్గాన్ని వదలలేదు. 2016లో వచ్చిన రైల్స్ 5 పేజీలు లేని, కేవలం ఏపీఐ కోసమైన అప్లికేషన్‌ను పుట్టించే వీలు కల్పించగా, 2024 నవంబరు నాటి రైల్స్ 8 లాగిన్ వ్యవస్థకు కూడా జనరేటర్‌ను చేర్చి, బయటి లైబ్రరీలో ఉండే కోడ్‌ను అప్లికేషన్ ఫోల్డర్‌లోనే, దిద్దుకోవడానికి వీలుగా ప్రోగ్రామర్‌కు అప్పగించింది.