బండ్ల అదలుబదలు

ఎడ్లను మార్చుకోవడం మనకు పాత సంగతే. అంగడికి ఒక జతను తోలుకుపోయి ఇంకో జతను తోలుకురావడం, నడుమ పదో పరకో పైన పెట్టడం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మన తాతలు చేసిన పనే. దాన్నే అదలుబదలు అనేవారు. కొత్త జత ఇంటికొచ్చిన నాడు రైతు మొహం చూడాలి! అదే పొలం, అదే బాట, అదే బండి. అయినా ఆ పూట బండి తోలడంలో ఎక్కడలేని హుషారు. పాత ఎడ్లు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ బెదురుతాయో నిద్రలో అడిగినా చెప్పగలిగిన మనిషి, కొత్త ఎడ్ల వెనక మళ్ళీ కళ్ళు తెరుచుకొని కూర్చోవలసి వస్తుంది. మోటారు సైకిళ్ళ సంగతీ అచ్చం ఇంతే అంటే నవ్వుతారేమో, నవ్వకండి. ఇందులో మన ఆడవాళ్ళ వాటా కూడా ఉంది. ఆ మాట కొంచెం ఆగి చెబుతాను.

ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డు వారు మొదటి మోటారు సైకిలు తయారు చేసింది 1901లో. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లలో, మన సైన్యం సరిహద్దుల కాపలాకు వారి బుల్లెట్లను కావాలంది. 1955లో మద్రాసు మోటార్సు వారు ఆ ఇంగ్లీషు కంపెనీతో చేయి కలిపి బండ్లను మద్రాసులోనే చేయడం మొదలుపెట్టారు. తర్వాత జరిగింది విచిత్రం. 1970 నాటికి ఇంగ్లండులో పుట్టిల్లు మూతపడింది. అత్తవారింట మాత్రం బండి నిక్షేపంగా బతికింది. పుట్టింటి ఆసరా పోయినా నెగ్గుకొచ్చిన కోడళ్ళు మనకు తెలియనివాళ్ళా!

బుల్లెట్‌కు తోడికోడళ్ళు కూడా వచ్చారు. చెకోస్లొవేకియా నుంచి వచ్చిన జావా 1961 నుంచి మైసూరులో తయారై, 1973లో యెజ్డీ అని పేరు మార్చుకుంది. పోలండు వాళ్ళ నమూనాతో ఎస్కార్ట్స్ వారు 1962లో రాజ్‌దూత్ తెచ్చారు. ఇది కష్టజీవి. అటొక పాలక్యాను, ఇటొక పాలక్యాను కట్టినా, వెనకాల యూరియా బస్తా వేసినా కిమ్మనేది కాదు. 1973లో ‘బాబీ’ సినిమాలో రిషి కపూర్ నడిపిన చిన్న బండి కూడా ఈ రాజ్‌దూత్ వారిదే. ఆ సినిమా చూసొచ్చిన కుర్రాళ్ళు దానికి ‘బాబీ’ అనే పేరు స్థిరం చేసేశారు.

ఇక ఈ బండ్ల స్వభావాలు చెప్పాలంటే, వంటింటి పొయ్యిల్లాగే ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. బుల్లెట్ 160 కిలోల పైచిలుకు మనిషి. దాన్ని లేపాలంటే ముందు ఎడమచేతి దగ్గరున్న చిన్న పుల్లను నొక్కి ఇంజనులో గాలి వదలాలి. అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కును మెల్లగా దించాలి. అప్పుడు ఒక్క పోటు. లెక్క తప్పితే కిక్కు ఎదురు తిరిగి కాలి పిక్క మీద తంతుంది. యెజ్డీది ఇంకో తమాషా. దానికి కిక్కూ గేరూ ఒకే కడ్డీ. లేపడానికి పైకి తిప్పి తన్నాలి, లేచాక మళ్ళీ కిందికి మడిస్తే అదే గేరు. స్కూటరుకైతే గేరు ఎడమ చేతి పిడిలో. అది మొరాయిస్తే ఒక పక్కకు వంచి, చంటిపిల్లకు ఉగ్గు పట్టినట్టు కార్బురేటరుకు పెట్రోలు అందించి నిలబెట్టాలి.

అన్నిటికంటే పెద్ద తిరకాసు కాళ్ళ దగ్గర. ఆనాటి బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. యెజ్డీకి, రాజ్‌దూత్‌కు సరిగ్గా తలకిందులు. ఒకదానికి అలవాటు పడ్డ కాలు ఇంకోదాని మీద కుదురుగా ఉండదు. ఇల్లు మారాక చీకట్లో పాత గోడ మీద స్విచ్చి కోసం తడుముకున్నట్టే.

మరి అంత తంటా పడి ఎవరి బండి ఎవరెందుకు ఎక్కేవారు? ఆ రోజుల్లో ఇంకో బండి రుచి చూడటానికి వేరే మార్గమే లేదు. కంపెనీలు ఇన్నే బండ్లు చేయాలని సర్కారు లైసెన్సులు. బజాజ్ స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. పెళ్ళి కుదిరిన నాడు పేరు రాయిస్తే పెద్దపిల్లను బళ్ళో వేసేనాటికి వస్తుందని పరాచికం. అంత కష్టపడి వచ్చిన బండిని విసుగు పుట్టిందని ఎవరు అమ్ముకుంటారు? విసుగు మాత్రం పుట్టేది. బొగ్గుబావి షిఫ్టుకు అదే బండి, రేషను దుకాణానికి అదే, పిల్లల బడికి అదే. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి క్వార్టర్లలో, కాగజ్‌నగర్ కాగితం మిల్లు కాలనీలో, రామగుండం ఎరువుల కార్ఖానా, కరెంటు కార్ఖానాల కాలనీల్లో ఆదివారం పొద్దున బండ్లు కడిగే చోట ఈ అదలుబదలు నడిచేది. “సాయంత్రం దాకా నీది నాకియ్యి, నాది నువ్వు పట్టుకపో” అంటే సరిపోయేది. దానికి కాగితమూ లేదు, పైసా లేదు. పెట్రోలు మాత్రం ఎవరిది వాళ్ళే పోసుకోవాలి. 1973 చివర అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక పీపా ధర మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండు దాకా పోయింది మరి!

మా పెద్దన్నకు నిర్మల్‌లో ఉద్యోగం. బుల్లెట్ ఆయన ప్రాణం అనుకునేవాళ్ళం. కానీ నాలుగైదేళ్ళు పోయేసరికి దాని మీద కూర్చునేటప్పుడు ఆయన మొహం ఫైలు ముందు కూర్చున్నట్టే ఉండేది. ఒక ఆదివారం స్నేహితుడి యెజ్డీతో మార్చుకొని ఇద్దరూ కుంటాల జలపాతానికి బయలుదేరారు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కాలి. చుట్టూ టేకు అడవి, పాము మెలికల మలుపులు. మొదటి మలుపులోనే అన్న బ్రేకనుకొని ఎడమకాలు తొక్కాడు. గేరు పడింది. బండి గుర్రుమని ముందుకు దూకింది. ఆ తర్వాత నేరడిగొండ దాకా ఆయన దేశం సంగతులూ ఆఫీసు సంగతులూ తలచుకోలేదట. మలుపు, కాలు, చెయ్యి, ఇంజను చప్పుడు, అంతే లోకం. బుల్లెట్‌ది దుక్కిటెద్దు నడక, దీనిది లేగదూడ గంతు. రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటూ ఆయనలో ఆయనే నవ్వుకుంటుంటే వదిన నాతో అన్నది, “మీ అన్న నవ్వంగ చూసి ఎన్నాళ్ళాయెనో!”

ఇంకో సంగతి, వారం తిరిగి తన బుల్లెట్ తనకు వచ్చాక అదీ కొత్తగానే కనిపించిందట. దాని డుగుడుగు చప్పుడు ఇంత నిదానమని ఇన్నేళ్ళూ వినలేదన్నాడు. అలవాటు చెవికీ మూత పెడుతుంది.

మరి వదిన మాట? ఆ బుల్లెట్ కొన్నది ఆమె తండ్రి డబ్బుతో. కట్నాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1961లో. ఆ తర్వాతే పెళ్ళి లగ్నపత్రికల పక్కన స్కూటర్లూ మోటారు సైకిళ్ళూ ఎక్కువయ్యాయి! ఆడపిల్ల తండ్రి బండి కొంటాడు, ఆడపిల్ల దాని వెనక పక్కకు తిరిగి కూర్చుంటుంది, ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో కొంగును పట్టుకొని. దారి పొడుగునా ఆమెకు కనిపించేది రోడ్డుకు ఎడమ సగమే. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి తగ్గకుండా కాపు ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని రాశారు. చీరకు కాపు కట్టిన చట్టం మంచిదే, ఎన్నో ప్రాణాలు కాచింది. కానీ చీర ఎప్పటికీ వెనక సీట్లోనే ఉంటుందని అందరూ ఎంత నిశ్చింతగా అనుకున్నారో చూడండి.

ఇతర దేశాల్లోనూ సంగతి సులువు కాలేదు. 1916లో అమెరికాలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ళు చెరొక మోటారు సైకిలు మీద దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయారు. సైన్యంలో సందేశాలు మోయడానికి ఆడవాళ్ళూ పనికొస్తారని చూపడం వాళ్ళ ఉద్దేశం. సైన్యం తీసుకోలేదు. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు లండన్ నుంచి పక్కబండి, తోకబండి తగిలించిన మోటారు సైకిలు మీద బయలుదేరి, సహారా ఎడారి దాటి, మరుసటి ఏడు జూలైలో కేప్‌టౌన్ చేరారు.

మన ఇళ్ళలో విప్లవం అంత ఆర్భాటంగా రాలేదు. 1972లో లూనా వచ్చింది. తొక్కితే సైకిలు, లేస్తే మోటారు. టీచరమ్మలూ నర్సమ్మలూ దాని మీదే మొదట పిడి పట్టారు. 1984లో గేర్లు లేని, మీట నొక్కితే లేచే కైనెటిక్ హోండా, 1990లలో స్కూటీ, 2001లో యాక్టివా వరసగా వచ్చాయి. ఇటు మగవాళ్ళ వైపు 1985లో హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100 దిగాక పాత బండ్లు చిన్నబోయాయి. యెజ్డీ కార్ఖానా 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ ఏడే ఆగింది. జావా, యెజ్డీ పేర్లు ఇటీవల మళ్ళీ తిరిగొచ్చాయి గాని ఆ చప్పుడు వేరు లెండి. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళ మీద బర్మా, థాయిలాండ్, లావోస్, కంబోడియాల మీదుగా వియత్నాం దాకా, రానూపోనూ సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. ఆ వార్త చదివిన నాడు మా వదిన కాగితం మడిచి దాచుకుంది.

అన్న రిటైరై ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నారు. పాత బుల్లెట్ షెడ్డులో ఉంది. వదినకు స్కూటీ ఉంది. ఒక రోజు అన్న కూరగాయలకని వదిన స్కూటీ తీసుకుపోయి రెండు గంటలైనా రాలేదు. మానేరు డ్యాము కట్ట దాకా పోయి నిలబడ్డారట! కాళ్ళకు పని లేని బండి మీద పోతుంటే గాలి తగలడం తెలిసిందన్నారు. అయితే ఇది ఏకపక్షం బేరమంటుంది వదిన. “నాది మీరు తీసుకపోయిండ్రు, మరి మీది నాకేది?”

చిక్కల్లా లైసెన్సుది. ఆమెకున్నది గేరులేని బండికి. బుల్లెట్ ఎక్కాలంటే గేరు బండికి వేరే పరీక్ష ఇచ్చి, ఎనిమిది అంకె చుట్టి చూపాలి. అరవై దగ్గరపడ్డ మనిషి ఇప్పుడు అదే సాధన చేస్తున్నది, పొద్దున్నే బడి మైదానంలో. ఒక్క విషయంలో మాత్రం అన్న కంటే ఆమె నయం. ఆమె కాళ్ళకు ఏ పక్క గేరూ అలవాటు లేదు కాబట్టి మరిచిపోవలసిందేమీ లేదు. కిక్కు మాత్రం ఇంకా అన్నే కొట్టి ఇస్తున్నారు, మోకాలి నొప్పి తగ్గేదాకా.