ఫోన్ నీ చేతిలోనే ఉంది

గదిలో టీవీ మోగిపోతోంది. తెర మీద కళ్లకు నల్ల ముసుగులు కట్టుకున్న డాన్సర్లు తలలు విదిలిస్తూ ఊగిపోతున్నారు. రఫీ గొంతు. నీ ఒంటి మీద హైస్కూలు పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే ఎర్ర గౌను. నువ్వూ తల విదిలిస్తున్నావు, మెడ నొప్పి పుట్టేలా. పక్క కిటికీల్లో జనం టీవీల ముందు కదలకుండా కూర్చున్నారు. అమెరికాలో ఈ శివారు ఊరికీ, 1965 నాటి మన హిందీ సినిమా ‘గుమ్‌నామ్’ పాటకీ ఏం సంబంధం? ఏమీ లేదు. చుట్టుపక్కల ఎవరికీ పట్టనిది కాబట్టే అది నీకు కావాలి.

నువ్విప్పుడు ఈనిడ్‌వి. 2001లో వచ్చిన ‘ఘోస్ట్ వరల్డ్’ సినిమా లోపల ఉన్నావు. థోరా బర్చ్ పెట్టుకున్న మందపాటి కళ్లజోడు నీ ముక్కు మీదుంది. బడి అయిపోయింది, కానీ డ్రాయింగ్ తప్పావు. వేసవంతా మళ్లీ క్లాసుకెళ్లాలి. కాలేజీ ఊసు లేదు. పక్కన బెక్కీ ఉంది, స్కార్లెట్ జొహాన్సన్. ఇద్దరూ కలిసి ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నది ఎప్పటి మాటో. అంతవరకూ పని ఒకటే: కనిపించిన ప్రతివాణ్నీ చూసి నవ్వడం.

బస్టాపు బెంచీ మీద కోటు వేసుకుని ముసలాయన నార్మన్ రోజూ కూర్చునే ఉంటాడు. ఆ రూటు ఎత్తేశారు, ఇక బస్సు రాదని నువ్వే చెప్పావు. ఆయన నమ్మడు. నవ్వుకుని వెళ్లిపోయావు.

ఇప్పుడు పేపర్లో ఒక చిన్న ప్రకటన. ఎప్పుడో ఒక్కసారి కలిసిన అమ్మాయి కోసం ఎవరో మగాడు వెతుక్కుంటున్నాడు. ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. బెక్కీ నీ వంక చూస్తోంది. ఫోన్ నీ చేతిలోనే ఉంది. పెట్టేయొచ్చు. పెట్టవు. ఆ అమ్మాయిని నేనే అంటావు, ఫలానా హోటల్‌కి రమ్మంటావు.

వస్తాడు. సన్నటి మనిషి, ముఖంలో బెరుకు. స్టీవ్ బుసెమీ. 1950ల నాటిదిగా కనబడాలని ముస్తాబు చేసిన ఆ హోటల్లో ఒక్కడే కూర్చుని మిల్క్‌షేక్ తాగుతాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తుతాడు. నువ్వు కొన్ని బల్లల అవతల ఉన్నావు. మొదట కిసుక్కుమంటావు. కాసేపటికి నవ్వు రాదు. అతను లేచి వెళ్లిపోతాడు, ఎవరినీ ఏమీ అనకుండా. ఇంటికెళ్లి మరిచిపోవచ్చు. నీ వల్ల కాదు. అతనెక్కడ ఉంటాడో కనుక్కుంటావు.

అతని పేరు సేమోర్. ఇంటి దగ్గర పాత రికార్డులు అమ్ముతుంటాడు. ఒకటి కొంటావు. రాత్రి నీ గదిలో సూది పెడతావు. స్కిప్ జేమ్స్ 1931లో పాడిన బ్లూస్ పాట. సన్నగా, పైకెక్కి వణికే గొంతు. వెనక ఒక్క గిటారు. వెటకారం చేయడానికి నీకు ఏ పట్టూ దొరకదు. పాట అయిపోతుంది. సూది వెనక్కి పెడతావు. మళ్లీ అయిపోతుంది. మళ్లీ పెడతావు. నా లెక్కన సినిమా గుండె ఇక్కడే ఉంది: ఇన్నాళ్లూ దేన్నీ నమ్మని పిల్ల, తను ఏడిపించిన మనిషి చేతి మీదుగా ఒక నిజమైన వస్తువు అందుకుంది.

ఈ సేమోర్ ఎవరో తెలిసినవాడిలా ఉన్నాడు కదూ? ఈ సినిమాకి మూలమైన, డేనియల్ క్లౌస్ గీసిన కామిక్‌లో ఇతనికి ఇంత చోటు లేదు. దర్శకుడు టెర్రీ జ్వైగాఫ్ పాత 78 ఆర్‌పీఎం రికార్డుల పిచ్చివాడు. సేమోర్ గది, ఆ ఒంటరితనం ఆయన సొంత జీవితంలోంచి వచ్చాయి.

సేమోర్‌కి తోడు వెతికి పెడతానంటావు. ఫోన్ సంగతి మాత్రం చెప్పవు. ఒకరోజు ప్రకటనలోని అసలు అమ్మాయి నిజంగానే ఫోన్ చేస్తుంది. అతను సంతోషంగా ఉన్నాడు. నువ్వు తట్టుకోలేవు.

డ్రాయింగ్ క్లాసుకి బొమ్మ కావాలి. సేమోర్ పనిచేసే చికెన్ కంపెనీ పాత పోస్టరు అతని దగ్గరుంది. దాని మీద నల్లజాతి మనిషిని వెక్కిరిస్తూ గీసిన ముఖం. అలాంటి గుర్తుతో అమెరికాలో 1925 నుంచి నిజంగానే హోటళ్లు నడిచాయి. సినిమాలోని కంపెనీ మాత్రం పేరు మార్చి, ముఖం నున్నగా దిద్దేసింది. నువ్వు పాతదాన్ని క్లాసులో పెడతావు. టీచరు మెచ్చుకుంటుంది, ఆర్ట్ స్కూల్ స్కాలర్‌షిప్ అంటుంది. అదే పోస్టరు ప్రదర్శనలో గోడకెక్కుతుంది.

జనం చూస్తారు. గొడవ. స్కాలర్‌షిప్ పోయింది. సేమోర్ ఉద్యోగం పోయింది. అతని జీవితంలోకి వచ్చిన అమ్మాయిని నీ కోసం అతనే వదులుకున్నాడు.

బెక్కీకి ఉద్యోగం ఉంది, ఇల్లు దొరికింది. నీ పెట్టెలు సర్దలేదు. ఆమె విసిగిపోయింది.

సేమోర్ నిన్ను వెతుకుతూ ఆమె దగ్గరికొస్తాడు.

బెక్కీ నోరు విప్పుతుంది.

ఫోన్ సంగతి. హోటల్ సంగతి. మిల్క్‌షేక్.

అంతా.

తర్వాత కొట్లాట. ఆసుపత్రి. మంచం మీద సేమోర్. నీ చేతిలో నోటు పుస్తకం. అందులో అతని బొమ్మ ఉంది, ఆ మొదటి రోజుది. దాచొచ్చు. తెరుస్తావు. చూపిస్తావు. పేజీ తిప్పుతావు, ఇంకా ఉన్నాయి. వెక్కిరింపుతో మొదలైన గీత రానురాను అభిమానంగా మారడం అతను తన కళ్లతో చూస్తాడు.

నార్మన్ బస్సు వచ్చింది. రానే రాదన్న బస్సు. ఎక్కి వెళ్లిపోయాడు. చివరికి నువ్వు కూడా చిన్న పెట్టె పట్టుకుని ఆ బెంచీ దగ్గరికొస్తావు. బస్సు ఆగుతుంది. ఎక్కుతావు. ఆ బస్సంటే చావేనని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నువ్వు బట్టలు సర్దుకుని బయల్దేరావు, ఎక్కడో దిగడానికే.