విన్న మాటకు తిరుగు దారి ఏది? సినడ్ ప్రక్రియపై హసన్‌పర్తి నుంచి ఒక పరిశీలన

శ్రీసభ (కథోలిక చర్చి) రేపెలా ఉండాలో విశ్వాసులనే అడగాలని పోపు ఫ్రాన్సిస్ తలపెట్టిన సినడ్ 2021 అక్టోబరు 10న రోములో పూజతో ఆరంభమైంది. వారం తిరిగేసరికి, 17న, ప్రపంచంలోని మేత్రాసనాలన్నిటికీ (డయోసీసులకు) ఆ పిలుపు చేరింది. వరంగల్ మేత్రాసనం అందులో ఒకటి. హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే దారిలోని హసన్‌పర్తి ఆ మేత్రాసన పరిధిలోదే; పీఠాధిపతి ఆలయమైన ఫాతిమా కథీడ్రల్ కాజీపేటలో ఉంది. సినడ్ పత్రాలను, శ్రీసభ చట్టాన్ని ఈ చోట నిలబడి చదివితే ఏం కనబడుతుందన్నదే ఈ వ్యాసానికి విషయం. నా వాదన చిన్నది. విశ్వాసుల చేత మాట్లాడించడం అంత కష్టం కాదు. ఆ మాటను నిలబెట్టే చోటు, దాన్ని చెప్పినవాళ్ల దగ్గరికి తిరిగి తెచ్చే దారి, ఈ రెండే లేవు.

కొంత చరిత్ర అవసరం. హైదరాబాదు మేత్రాసనం నుంచి 1952 డిసెంబరు 22న వరంగల్ వేరుపడింది. తొలి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ నుంచి వచ్చిన వేదవ్యాపకుడు, మిలాను వేదప్రచార సంస్థకు చెందినవారు. 1985 దాకా ఆయనే ఉన్నారు. 1988లో ఖమ్మం విడిపోయింది. ఆ తొలి మూడు దశాబ్దాల్లో బడి, దవాఖాన, హాస్టలు అన్నీ పైనుంచే వచ్చాయి. ఇచ్చే చేయి ఒకటి, పుచ్చుకునే చేతులు అనేకం. అందువల్ల ఊళ్లల్లో విశ్వాసికీ గురువుకూ నడుమ మాటంటే ఎక్కువగా విన్నపమే అయింది. అభిప్రాయం చెప్పడం వేరు, అర్జీ పెట్టుకోవడం వేరు. గోడ కూలింది, గంట కావాలి, పిల్లకు హాస్టల్లో సీటు ఇప్పించండి ఫాదర్ గారూ అని అడగడం అలవాటైన నోటికి, శ్రీసభ ఎటు పోవాలంటావని ఒక్కసారిగా ఎదురు ప్రశ్న వేస్తే ఏమొస్తుంది? మళ్లీ గోడ సంగతే వస్తుంది. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. గోడ ఎవరు కట్టాలన్నది కూడా శ్రీసభ భవిష్యత్తు ప్రశ్నే.

విశ్వాసికీ గురువుకూ నడుమ నిలిచినవాడు ఉపదేశి. విచారణ (పారిష్) గురువు వంతుల ప్రకారం వచ్చి పోయే ఉపగ్రామాల్లో జపాలు నడిపేది, రోగిని పలకరించేది, ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో ఎరిగినది ఆయనే. సినడ్ మార్గదర్శిని పేదలనూ అంచున ఉన్నవారినీ వెతికి వినమన్నది. మన దగ్గర ఆ వెతుకులాట ఉపదేశితోనే మొదలు కావాలి. కానీ ఆయన బతుకుతెరువు విచారణ ఇచ్చే భృతి మీద ఉన్నంతకాలం, గురువు ముందు ఎంత నిక్కచ్చిగా మాట్లాడగలడన్నది అడగవలసిన ప్రశ్న.

రోము సభల్లో పాటించిన 'ఆత్మలో సంభాషణ' పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. మొదటి విడతలో ఒక్కొక్కరూ మాట్లాడతారు, ఎవరూ అడ్డు తగలరు. కాసేపు మౌనం. రెండో విడతలో ఎదుటివారి మాటల్లో తన మనసుకు తగిలినదేదో చెప్పాలి, తన వాదన కాదు. మూడో విడతలో అందరూ కలిసి ఒక అవగాహనకు రావాలి. పెద్దమనుషులు ముందు మాట్లాడి, మిగతావాళ్లు తలూపే పంచాయితీకి ఇది పూర్తిగా ఎదురు నడక. చాప మీద ఒక పక్క కూర్చున్న ఆడవాళ్లకు కూడా మగవాళ్లకున్నంత వంతే వస్తుంది. 2023 అక్టోబరు సభలో 54 మంది స్త్రీలు తొలిసారి ఓటు వేశారు. ఊరి గుడిలో జపమాల నడిపించే స్త్రీకి విచారణ లెక్కల మీద మాట చెల్లడం దానికంటే పెద్ద మార్పు అని నా అభిప్రాయం.

అయితే మాట్లాడడానికి భయం కూడా ఉంది. దాని వేరు ఒకటి గుడి బయట, ఒకటి లోపల ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. దళిత క్రైస్తవులు తెలంగాణలో బీసీ-సీ కింద ఉన్నారు, వారి రిజర్వేషన్ వాటా ఒక శాతం. జ్ఞానస్నానం పొందిన వ్యక్తి షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇలాంటి పరిస్థితిలో, విశ్వాసిగా పేరు రాసి సభలో నోరు విప్పమంటే వెనకాడేవాళ్లు ఉండరా? భారత పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారత విధానమే, దేశంలోని 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులని చెప్పింది, శ్రీసభ లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. తెలుగువాడైన పూల ఆంథోని 2022 ఆగస్టులో తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది గర్వకారణమే. ఉపగ్రామంలో శ్మశానం ఎవరిది, విచారణ సంఘంలో ఎవరి పేర్లు ఉంటాయి అన్న ప్రశ్నలకు మాత్రం అది జవాబు కాదు.

హసన్‌పర్తికి మరో చిక్కు ఉంది. ఎర్రగట్టు గుట్ట, అనంతసాగర్ వైపు ఇంజినీరింగు కళాశాలలు వెలిశాయి. ఊరు గ్రేటర్ వరంగల్‌లో కలిసింది. కిరాయి గదుల్లో ఉంటూ చదివే కథోలిక యువకుల పేర్లు సొంతూరి విచారణ పుస్తకంలో ఉంటాయి. శ్రీసభ చట్టం 518వ సూత్రం ప్రకారం విచారణంటే సాధారణంగా ఒక భూభాగం. సొంతూరిలో అడిగే రోజున ఈ పిల్లవాడు అక్కడ ఉండడు, ఇక్కడ అడిగే రోజున వాడు ఎవరి లెక్కలోనూ రాడు. భవిష్యత్తు గురించి అడిగే సభకు భవిష్యత్తే హాజరు కాకపోతే ఎట్లా?

ఇక చట్టం సంగతి. 212వ సూత్రం అభిప్రాయం చెప్పడం విశ్వాసుల హక్కనీ, ఒక్కోసారి బాధ్యతనీ అంటుంది. 536వ సూత్రం మాత్రం విచారణ సలహా సంఘాన్ని పీఠాధిపతి తగునని భావిస్తేనే పెట్టమంటుంది, దానికి సలహా ఓటే ఇస్తుంది. ఆర్థిక సంఘం తప్పనిసరి (537). అన్నిటికంటే ఆలోచించవలసినది 513వ సూత్రం: పీఠం ఖాళీ అయితే మేత్రాసన పాలనా సలహా మండలి రద్దవుతుంది. 2013 నుంచి వరంగల్ పీఠాధిపతిగా ఉన్న, సినడ్ సంప్రదింపుల కాలమంతా బాధ్యత వహించిన ఉడుముల బాల, 2025 ఫిబ్రవరిలో విశాఖపట్నం అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. అంటే చట్టరీత్యా, పీఠం ఖాళీ అయిన క్షణాన ఆ మండలికి నూకలు చెల్లుతాయి. ఊరు మాట్లాడిన మాట ఒక వ్యక్తి బదిలీతో చెదిరిపోవడం ఏ సినడ్ ఆశయానికీ సరిపోదు. 2024 అక్టోబరు 26న ఆమోదించిన సినడ్ తుది పత్రం విచారణ, మేత్రాసన సలహా సంఘాలను తప్పనిసరి చేయాలని గట్టిగా కోరింది. ఈ ఒక్క సిఫారసు అమలైనా మిగతావాటికి కాళ్లు వస్తాయి.

పైకి పోయిన మాట గతి కూడా చూడాలి. మేత్రాసనంలో ఎన్ని విచారణలున్నా నివేదిక పది పేజీలకు మించకూడదన్నది నియమం. దాని సారం దేశ నివేదికలో, అక్కడినుంచి 2023 ఫిబ్రవరిలో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా సభకు, ఆపై రోముకు. ప్రతి మెట్టు మీదా మాట చిక్కబడుతుంది, పేరూ ఊరూ రాలిపోతాయి. అంత పెద్ద శ్రీసభలో ఇది తప్పదు. ఆ పది పేజీలను తిరిగి ఊరికి తెచ్చి చదివి వినిపించడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. ఊరే కూర్చుని తన సంగతి తేల్చుకునే పద్ధతి మన నేలకు కొత్త కాదు. గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని దేశానికి తెలిసిన ఊరైంది. అక్కడి నీటి పథకానికి తోడ్పడిన బాలవికాస సంస్థ కేంద్రం ఉన్నది కాజీపేట ఫాతిమానగర్‌లోనే. తాగునీటి విషయంలో తమ నిర్ణయం తామే చేసుకోగలిగినవాళ్లకు గుడి విషయంలో చేతకాదనడం నమ్మదగిన మాట కాదు.

పోపు ఫ్రాన్సిస్ 2025 మార్చిలో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం 2027 తొలి ఆరు నెలల్లో మేత్రాసనాలు సినడ్ అమలును మదింపు చేసుకోవాలి. 2028 అక్టోబరులో రోములో శ్రీసభ మహాసభ జరుగుతుంది. వరంగల్ మేత్రాసనం ఆ మదింపు సభ పెట్టేలోగా, 2022లో తాను పైకి పంపిన నివేదికను ప్రతి ఉపగ్రామంలో తెలుగులో చదివించాలి. ఏది అమలైంది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్న మూడు ప్రశ్నలకు విచారణ గురువులు ఆదివారం పూజ తర్వాత ప్రజల ముందే జవాబు చెప్పాలి.