సహాయకుల పేరు చట్టంలోకి ఎక్కిన కథ

నేను టెక్సస్‌లో ఫిజికల్ థెరపిస్టు అసిస్టెంటుని. మా నరసరావుపేటలో ఎవరైనా అడిగితే అమ్మ "ఫిజియో దగ్గర పనిచేస్తోంది" అని చెబుతుంది. ఆ మాట సగం నిజం. ఇక్కడ ఈ పని చేయాలంటే ఫిజియో ఒప్పుకుంటే చాలదు, రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. రెండేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది దీన్ని కరెంటు బిల్లు కట్టినట్టు కట్టేసి మర్చిపోతారు. కాలేజీలో మా పంతులమ్మ ఒకావిడ ఈ వృత్తి చరిత్రను శ్రద్ధగా చెప్పింది. అప్పటినుంచి ఆ లైసెన్సు మీదున్న ప్రతి షరతూ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనే కోరిక నాలో పెరిగింది. తెలుసుకున్నకొద్దీ ఈ పని మీద గౌరవం కూడా పెరిగింది.

ఈ కథ మొదటి ప్రపంచయుద్ధంతో ఊపందుకుంది. అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది. కాళ్లూ చేతులూ దెబ్బతిన్న సైనికులను మళ్లీ నిలబెట్టడానికి సైన్యం కొందరు స్త్రీలను పనిలోకి తీసుకుంది. వాళ్లను రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్ అన్నారు. వాళ్లలో అందరికంటే ముందు చెప్పుకోవలసిన పేరు మేరీ మెక్‌మిలన్. అమెరికాలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, అక్కడే ఈ విద్య నేర్చుకుంది. 1918లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో పనిచేసింది. అదే ఏడాది ఆరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీలో యుద్ధకాలపు శిక్షణ తరగతులు నడిపింది. మర్దన, వ్యాయామం, నీటితో చికిత్స, శరీర నిర్మాణం ఆ చదువులో భాగాలు.

ఆ స్త్రీలు ఆసుపత్రుల్లో సైన్యం కోసమే పనిచేసినా సైన్యంలో వాళ్లకు హోదా లేదు. పౌర ఉద్యోగులుగానే లెక్కగట్టారు. వాళ్ల సేవను సైనిక సేవతో సమానంగా ప్రభుత్వం గుర్తించింది 1981లో. అప్పటికి వాళ్లలో ఎక్కువమంది బతికి లేరు. ఈ వృత్తి చరిత్ర చదివేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలని నా కోరిక. పని చేసే చేతులు ముందు వచ్చాయి. ఆ చేతులు ఎవరివో రాసిపెట్టే గుర్తింపు అరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది.

యుద్ధం ముగిశాక వాళ్లు ఊరుకోలేదు. 1921 జనవరిలో న్యూయార్కులోని ఒక రెస్టారెంట్లో 30 మంది భోజనానికి కలిసి సంఘం పెట్టుకున్నారు. మెక్‌మిలన్ తొలి అధ్యక్షురాలు. ఆ సంఘమే పేరు మార్చుకుంటూ వచ్చి ఇవాళ్టి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ అయింది. ఆ తరం వాళ్లంతా డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం, డాక్టరు పర్యవేక్షణలో పనిచేసినవాళ్లే. అంటే నిన్నటి ఎయిడే ఇవాళ్టి థెరపిస్టు. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ, ఏదో ఒక మేరకు, డాక్టరు చీటీ లేకుండానే రోగి నేరుగా థెరపిస్టు దగ్గరికి వెళ్లవచ్చు.

లైసెన్సు దేశమంతటికీ ఒకటి కాకుండా రాష్ట్రానికొకటి ఎందుకని మా బంధువులు తరచూ అడుగుతుంటారు. అమెరికా రాజ్యాంగంలో ప్రజల ఆరోగ్యాన్ని, భద్రతను కాపాడే అధికారం ప్రధానంగా రాష్ట్రాలది. వెస్ట్ వర్జీనియాలో డెంట్ అనే వైద్యుడికి ఆ రాష్ట్రం వైద్యం చేసే హక్కు నిరాకరించింది. ఆయన సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. 1889లో కోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది. వైద్యం చేసేవాడికి తగిన విద్య ఉందో లేదో చూసే అధికారం రాష్ట్రానికి ఉందని తేల్చింది. ఆ దారిలోనే పెన్సిల్వేనియా 1913లో అందరికంటే ముందు ఫిజికల్ థెరపీని చట్టం కిందికి తెచ్చింది. న్యూయార్క్ 1926లో తెచ్చింది. మా టెక్సస్‌లో బోర్డు ఏర్పడింది 1971లో. ఆసుపత్రుల్లో ఈ వైద్యం దశాబ్దాలుగా నడుస్తున్నా అంతకాలం పట్టింది.

ఇక అసిస్టెంట్ల సంగతి. వాళ్ల అవసరాన్ని పుట్టించినవి పోలియో, వృద్ధాప్యం. 1952లో ఒక్క అమెరికాలోనే దాదాపు 58,000 మందికి పోలియో సోకింది. 21,000 మందికి పైగా ఎంతో కొంత పక్షవాతం మిగిలింది. వేడి నీళ్లలో తడిపిన కంబళ్లు చుట్టడం, కండరాలను రోజూ కదిలించడం, పిల్లలకు కాలిపర్లు తొడిగి నడిపించడం, వీటన్నిటికీ థెరపిస్టులు ఎక్కడా సరిపోలేదు. 1955లో సాల్క్ టీకా వచ్చాక పోలియో తగ్గుముఖం పట్టింది గానీ పని తగ్గలేదు. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఈ టెక్సస్ మనిషే, మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. మరుసటి ఏడాది జూలై 1 నుంచి 65 ఏళ్లు దాటినవాళ్ల వైద్యానికి ప్రభుత్వ బీమా అమల్లోకి వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు ఒక్కసారిగా చికిత్స అందుకోగలిగారు. అందించేవాళ్లు మాత్రం అప్పటికీ కొద్దిమందే.

అప్పటికే చాలా ఆసుపత్రుల్లో సహాయకులు ఉన్నారు. పక్కన నిలబడి చూసి పని నేర్చుకున్నవాళ్లు. ఎవరికెంత వచ్చో అడిగే కొలత లేదు. 1967లో థెరపిస్టుల సంఘం దీన్ని ముఖాముఖి ఎదుర్కొని, అసిస్టెంటుకు కాలేజీ చదువు ఉండాలని, థెరపిస్టు పర్యవేక్షణలో పనిచేయాలని విధానం ప్రకటించింది. ఆ ఏడాదే ఫ్లోరిడాలోని మయామీ డేడ్‌లోనూ, మిన్నెసోటాలోని సెయింట్ మేరీస్ కాలేజీలోనూ కోర్సులు మొదలయ్యాయి. 1969లో ఆ రెండు చోట్లనుంచి కలిపి 15 మంది బయటికి వచ్చారు. నా వృత్తికి వాళ్లే తొలి తరం. ఒకప్పుడు తామే సహాయకులుగా మొదలైన వాళ్ల వారసులు, తమ సహాయకులకు చదువు, హద్దు, పేరు మూడూ ఇచ్చారు. ఈ వృత్తి చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం అదే.

ఆ హద్దు ఏమిటో ఒక సంఘటనతో చెబుతాను. కొడుకు దగ్గర ఉంటున్న ఒక తెలుగు పెద్దావిడకు తుంటి ఆపరేషను అయింది. నేను వాళ్లింటికి వెళ్లి నడుముకు గెయిట్ బెల్టు కట్టి, వాకర్‌తో నడిపించేదాన్ని. ఒకరోజు ఆవిడ అడిగింది:

"డాక్టరమ్మా, రేపట్నుంచి ఇది వదిలేసి చేతికర్రతో నడవనా?"

"నేను డాక్టర్ని కాదు పిన్నిగారూ, అసిస్టెంటుని. ఆ మాట థెరపిస్టుగారు చూసి చెప్పాలండీ."

"రోజూ నడిపించేది నువ్వేగా తల్లీ?"

"నడిపించేది నేనే. మీరు ఎన్నడుగులు వేశారో, ఎక్కడ తూలారో అన్నీ రాసి ఆవిడకి చెబుతాను. ఆవిడ వచ్చి చూసి తేలుస్తారు."

మొదటి పరీక్ష చేయడం, చికిత్స ప్రణాళిక రాయడం, దాన్ని మార్చడం, చికిత్స ముగిసిందని తేల్చడం థెరపిస్టు పనులు. ఆ ప్రణాళికను రోజూ రోగి ఒంటి మీద అమలు చేయడం నా పని. ఆ అమలులోనూ ఆలోచన కావాలి. నాడి పెరిగితే వ్యాయామం తగ్గించాలి, మొహం పాలిపోతే కూర్చోబెట్టాలి. ప్రమాదం అనిపిస్తే అంతా ఆపేసి ఫోన్ చేయాలి. పిన్నిగారికి చివరికి చేతికర్ర వచ్చింది, థెరపిస్టు చూశాకే.

ఆ 15 మంది పట్టా పుచ్చుకున్నంత మాత్రాన రాష్ట్రాలన్నీ వాళ్లను చట్టంలోకి తీసుకోలేదు. ఒక్కో రాష్ట్రం ఒక్కో కాలంలో కదిలింది. కొన్నిచోట్ల లైసెన్సు అన్నారు, కొన్నిచోట్ల సర్టిఫికెట్ అన్నారు. కొలరాడోలో అసిస్టెంట్లకు రాష్ట్ర సర్టిఫికెట్ తప్పనిసరి అయింది 2012లో. పరీక్ష కూడా ఇలాగే మెల్లగా రూపు దిద్దుకుంది. థెరపిస్టులకు రాష్ట్రాలన్నీ వాడుకోగల పరీక్ష 1954లో తయారైంది. 1980లలో రాష్ట్ర బోర్డులన్నీ కలిసి సమాఖ్య పెట్టుకున్నాయి. ఇప్పుడు జాతీయ పరీక్షలను ఆ సమాఖ్యే నడుపుతుంది.

నేను గ్రీన్ కార్డు వచ్చాక, పెద్దపిల్ల బడిలో చేరాక, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివాను. గుర్తింపు ఉన్న కాలేజీలో చదివినవాళ్లే పరీక్షకు అర్హులు. అసిస్టెంట్ల పరీక్ష ఇప్పుడు 180 ప్రశ్నలు, నాలుగు గంటలు. 200 నుంచి 800 దాకా ఉండే కొలమానంలో 600 రావాలి. ఏడాదికి నాలుగు తేదీల్లోనే పెడతారు. జన్మకు ఆరుసార్లే రాయనిస్తారు. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద కండరాల పేర్లు, నరాల దారులు వల్లె వేసుకునేదాన్ని. మావారు గోనియోమీటర్ పట్టుకుని తన మోచేయి ఎన్ని డిగ్రీలు వంగిందో నన్ను అడిగేవారు. పాసయ్యాక వేలిముద్రలిచ్చి, నేరచరిత్ర తనిఖీ పూర్తిచేసి, టెక్సస్ చట్టం మీద విడిగా పెట్టే పరీక్ష కూడా ముగిస్తేనే లైసెన్సు చేతికి వచ్చింది.

ఆ చట్టం పరీక్షను ప్రతి రెన్యువల్‌కూ మళ్లీ చేయాలి. మా రాష్ట్రంలో లైసెన్సు గడువు పుట్టిన నెలతో ముడిపడి ఉంటుంది. రెండేళ్లలో అసిస్టెంటు 20 యూనిట్ల చదువు చూపించాలి, థెరపిస్టు 30 చూపించాలి. 2020 నుంచి మనుషుల అక్రమ రవాణాను గుర్తుపట్టే శిక్షణ కూడా చేరింది. ఒంటరిగా గదిలో రోగి ఒంటిని చూసేది మేమే కాబట్టి, ఎవరి బలవంతం కిందో బతుకుతున్న మనిషి గాయాలు మా కంటపడే అవకాశం ఉంది. ఆ షరతు నాకు భారమనిపించదు.

చదువు మళ్లీ మళ్లీ ఎందుకంటే వైద్యం మారుతుంది కాబట్టి. ఒకప్పుడు నడుంనొప్పి వస్తే మంచం దిగొద్దనేవాళ్లు. ఇప్పుడు మామూలు నడుంనొప్పికి వీలైనంత వరకు కదులుతూనే ఉండమంటున్నాం. రెన్యువల్ కోసం చేసిన ఒక కోర్సు రక్తనాళాల్లో గడ్డల గురించి. అది అయ్యాక కొద్దికాలానికే మోకాలి ఆపరేషను అయిన ఒకాయన పిక్క ఒకవైపే వాచి, వేడిగా ఉండటం చూశాను. "కాస్త పిసికితే పోతుందిలే" అన్నాడాయన. పిసకలేదు, నడిపించలేదు. థెరపిస్టుకు, ఆసుపత్రికి ఫోన్ చేశాను. అది గడ్డే. ఆ రోజు ఆ 20 యూనిట్ల విలువ ఎంతో నాకు తెలిసింది.

రాష్ట్రాల గోడలు కూడా ఇప్పుడు కొంత తగ్గాయి. రాష్ట్రాల మధ్య ఫిజికల్ థెరపీ ఒప్పందం 2017లో పదో రాష్ట్రం చేరడంతో అమల్లోకి వచ్చింది. 2018 నుంచి ఒక సభ్య రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్లు మరో సభ్య రాష్ట్రంలో అనుమతి తెచ్చుకుని పనిచేస్తున్నారు. అసిస్టెంట్లకూ అది వర్తిస్తుంది. సైన్యంలో ఉన్న భర్తతో ఊళ్లు మారే స్త్రీలకు అది పెద్ద ఊరట. మరోవైపు 2022 జనవరి నుంచి, కాంగ్రెసు చేసిన చట్టం ప్రకారం, ఔట్‌పేషెంట్ చికిత్సను అసిస్టెంటు చేస్తే మెడికేర్ తన వంతు చెల్లింపులో 85 శాతమే ఇస్తోంది. పల్లెల్లో, పేద పేటల్లో చాలా క్లినిక్కులు అసిస్టెంట్ల మీదే ఆధారపడతాయి. అక్కడి రోగులకే ఈ కోత ఎక్కువ తగులుతుందని నా అభిప్రాయం.

మన దేశంలో ఫిజియోథెరపీ సహా అనుబంధ ఆరోగ్య వృత్తులన్నిటికీ జాతీయ కమిషన్ ఏర్పరిచే చట్టం 2021లో వచ్చింది. ఇంతకాలం రోగి ఎవరి చేతికి తన కాలిని అప్పగిస్తున్నాడో చెప్పే దేశవ్యాప్త పట్టిక లేదు. ఇప్పుడు దానికి పునాది పడింది. నా విన్నపం ఒక్కటే. ఆ పట్టిక పైవాళ్లతో ఆగిపోకూడదు. నరసరావుపేట ఆసుపత్రిలోనో, హైదరాబాదు కేంద్రంలోనో రోజూ రోగిని లేపి నిలబెట్టే సహాయకులకూ చదువు చెప్పించాలి, హద్దు గీయాలి, పరీక్ష పెట్టాలి, పేరు రాయాలి. తప్పు జరిగితే అడగడానికీ, మంచి జరిగితే గుర్తించడానికీ రోగికి ఒక పేరు కావాలి. ఇక్కడ అమెరికాలో అది జరగడానికి మొదటి ప్రపంచయుద్ధం నుంచి యాభై ఏళ్లు పట్టింది. మనం అన్నేళ్లు ఆగనక్కరలేదు.