బెట్టుడుత ఎక్కడిదాకా ఉండేది?

ఉడుత అనగానే డెల్టా వాళ్లకు కొబ్బరిచెట్టు మీద పరిగెత్తే చారల ఉడుతే గుర్తొస్తుంది. మన కొండల్లో ఇంకొకటి ఉంది, బెట్టుడుత. రాముడు నిమిరిన చారలు దీనికి లేవు. మూరెడు ఒళ్లు, అంతకంటే పొడవు తోక, ఎర్రటి వీపు. కన్నడంలో బెట్ట అంటే కొండ. పేరులో ఉన్నది ఆ మాటే అనుకుంటాను.

ఇది నేల మీదికి అరుదుగా దిగుతుంది. కొమ్మ నుంచి కొమ్మకు ఇరవై అడుగుల దాకా దూకుతుంది. చెట్లకూ చెట్లకూ మధ్య అంతకు మించి ఖాళీ వచ్చిందా, దాని దారి అక్కడితో సరి. అందుకే దీని చరిత్ర అడవి చరిత్రే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కింద వరిచేలు పెరిగాయి, ఊళ్లు పెరిగాయి. వాటికి కావలసిన కలప పైనుంచి గోదావరి మీద తెప్పలుగా దిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైంది. పోడుకు అడ్డు, కూపులకు దారి! ఆ కోపం 1922-24లో అల్లూరి వెంట నడిచినవాళ్లలోనూ ఉంది.

బెట్టుడుత తగ్గడానికి పోడే కారణమని తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. మనవాళ్లు వేటాడి తిన్నారు, నిజమే. బీడు వదిలే ఏళ్లు తగ్గిపోయాక పోడూ నష్టమే చేసింది. కానీ పాత పోడులో ఇప్ప, మామిడి, చింత, జీలుగు నరికేవారు కాదు. ఉడుతకు కాలు పెట్టే కొమ్మ మిగిలేది. కూపులో, రోడ్డు వెడల్పులో ఏది మిగిలింది?

గుజరాత్‌లోని డాంగ్స్ అడవుల్లో తెల్లటి రకం బెట్టుడుత ఉండేది. అది ఇప్పుడు లేదంటున్నారు. మన వైపు అంత దూరం పోలేదు. 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయ పార్కైన పాపికొండల్లో ఉంది, మారేడుమిల్లి వైపూ ఉంది. అయితే పోలవరం జలాశయం నిండు మట్టం 150 అడుగులు. ఏటి ఒడ్డు చెట్లు ఆ లోపలే ఉన్నాయి.

డెల్టా అంచు మెట్టల్లో ఇది ఎక్కడిదాకా ఉండేదో చెప్పగలిగింది మన ముసలివాళ్లే. ఆకులూ పుల్లలూ కలిపి కొమ్మ చివర కట్టిన బుట్టంత గూడు ఆఖరుసారి ఏ చెట్టు మీద చూశారో అడిగి, ఊరి పేరు, చెట్టు పేరు, సుమారు ఏ ఏడో రాసి పెట్టండి. పునరావాస కాలనీలకు దిగిన ఊళ్ల వాళ్లను ముందు అడగండి.