సర్కారు ఓడిన పంచాంగం

చైనాలో పంచాంగం వేయడం ఒకప్పుడు చక్రవర్తి సొంత హక్కు. ఆకాశం లెక్క తప్పితే సింహాసనానికే అప్రతిష్ఠ. ప్రైవేటు వ్యక్తులు పంచాంగాలు అచ్చువేయకూడదని తాంగ్ దర్బారు 835లోనే నిషేధం పెట్టింది. జనం మానితేగా!

ఆ లెక్క మనకు చుట్టరికమే. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా సుమారు 354 రోజులే. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకే వాళ్లు సౌర సంవత్సరాన్ని 24 భాగాలు చేసి, ఒక్కోదానికి రైతుకు పనికొచ్చే పేరు పెట్టారు: పురుగులు మేల్కొనేది ఒకటి, మంచు దిగేది ఒకటి, చలి ముదిరేది ఇంకొకటి. వీటిలో ఒకటి విడిచి ఒకటి ప్రధానమైనవి. అలాంటిది ఒక్కటీ పడని నెలను సాధారణంగా అధిక మాసం చేస్తారు. సంక్రమణం లేని నెలను మనమూ అధికమనే అంటాం కదా. కాకపోతే మన సిద్ధాంతులది నక్షత్రాలను బట్టి సాగే నిరయన గణన, వాళ్లది రుతువులను బట్టి సాగే సాయనం. అందుకే 2023లో మనకు శ్రావణం రెండుసార్లు వస్తే, వాళ్లకు రెండో నెల రెండుసార్లు వచ్చింది. అన్నట్టు, భారతీయ మూలాలున్న గౌతమ సిద్ధుడు తాంగ్ దర్బారులో ఖగోళాధికారిగా ఉంటూ 718లో మన నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి తెచ్చాడు.

పండుగలూ రెండు దారులే. చంద్రుణ్ని నమ్ముకున్న కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య తిరుగుతుంటుంది. పెద్దల సమాధులు శుభ్రం చేసి నైవేద్యం పెట్టే ఛింగ్‌మింగ్ మాత్రం సూర్యుడిది. ఏప్రిల్ 5కు ఒక రోజు అటూ ఇటూ, అంతే. ఉగాదికీ సంక్రాంతికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

అసలు కథ 1912లో మొదలైంది. కొత్త రిపబ్లిక్ అధ్యక్షుడు సున్ యట్‌సెన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌ను అధికారికం చేశాడు. పాత కొత్త సంవత్సరానికి 1914లో ‘వసంతోత్సవం’ అని పేరు మార్చారు. అంతటితో ఆగినా బాగుండేది. నాంకింగ్ జాతీయవాద ప్రభుత్వం 1930 నాటికి పాత పంచాంగాన్నే పూర్తిగా తుడిచేయాలనుకుంది. పాత తిథులున్న పంచాంగాల అచ్చును నిషేధించి, వేడుకలన్నీ జనవరి ఒకటికి జరుపుకోమంది. ఇళ్లలో పండుగ ఆగలేదు. కొన్నేళ్లకు ప్రభుత్వమే చూసీ చూడనట్టు ఊరుకుంది.

కమ్యూనిస్టులు 1949లో ఈ పండుగకు సెలవులిచ్చారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1967లో, వాటిని రద్దు చేసింది కూడా వాళ్లే. రాజకీయ రంగు ఏదైనా పంచాంగం మీద పెత్తనం చేయాలన్న యావ ఒక్కటేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత గాలి మళ్లింది. 2008 నుంచి ఛింగ్‌మింగ్, డ్రాగన్ పడవల పండుగ, శరత్ పౌర్ణమి కూడా ప్రభుత్వ సెలవులయ్యాయి. 24 సౌర ఘట్టాలను 2016లో, వసంతోత్సవాన్ని 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. 2025 నుంచి చైనా ప్రభుత్వం వసంతోత్సవం ముందురోజును కూడా సెలవుల్లో కలిపింది.