జ్ఞాపకాల్లోని ఇంగ్లిష్ పల్లె: ఎంతవరకు సాక్ష్యం?

1909 జనవరి 1న బ్రిటన్‌లో డెబ్బయ్యేళ్లు దాటిన పేదలకు మొదటిసారి ప్రభుత్వ పింఛను అందింది. గరిష్ఠంగా వారానికి అయిదు షిల్లింగులు. ఆ డబ్బు తీసుకోవడానికి పోస్టాఫీసుకు వచ్చిన పల్లెటూరి ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారనీ, డబ్బు చేతికిచ్చిన అమ్మాయికి పెరట్లో పూసిన పూలూ కాసిన ఆపిళ్లూ తెచ్చిపెట్టారనీ ఫ్లోరా థాంప్సన్ ‘లార్క్ రైజ్’లో రాసింది. పింఛను చట్టం గురించి చెప్పే చరిత్ర పుస్తకాలు ఈ దృశ్యాన్ని తరచూ ఉదాహరిస్తాయి.

పుస్తకం 1939లో వచ్చింది. అందులోని ఊరు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జూనిపర్ హిల్ అనే చిన్న పల్లె, కాలం ముఖ్యంగా 1880లు. లారా అనే పిల్ల పేరుతో రచయిత్రి చెప్పుకున్నది తన బాల్యమే. ఫ్లోరా పద్నాలుగో ఏటే పోస్టాఫీసు పనిలో చేరింది కాబట్టి, పూలందుకున్న ఆ అమ్మాయి లారాయే అనుకోవడం పాఠకుడికి సహజం. తేదీలు మాత్రం అందుకు ఒప్పుకోవు. ఆమెకు 1903లో పెళ్లయింది. పింఛను మొదలయ్యేనాటికి ఆమె భర్తతో దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌లో కాపురముంది. సొంత ఊరి దగ్గర ఆ కౌంటరు వెనక ఆమె నిలబడి ఉండే వీల్లేదు. నిజానికి పుస్తకంలో ఆ అమ్మాయికి పేరే లేదు. పేరు మనం పెట్టుకున్నాం.

అంతమాత్రాన ఆ దృశ్యం కల్పన అని తేల్చెయ్యలేం. ఇంటివాళ్లు చెప్పగా విని ఉండవచ్చు, మరోచోట చూసి ఉండవచ్చు. తేలేది ఒక్కటే: ఇక్కడ ఫ్లోరాను కళ్లారా చూసిన సాక్షిగా లెక్కించకూడదు. 1985లో బార్బరా ఇంగ్లిష్ అనే చరిత్రకారిణి ఈ పుస్తకాన్ని జూనిపర్ హిల్ జనగణన పత్రాలతో, చర్చి రిజిస్టర్లతో పోల్చి చూశారు. ఆ పరిశీలన తరవాత పుస్తకాన్ని నేరుగా ఊరి చరిత్రగా చదవడం కష్టమైంది. సాహిత్యంగా దాని విలువ మాత్రం తగ్గలేదని నా అభిప్రాయం.

పల్లె బాల్యాల జ్ఞాపకాలన్నీ ఒకే మేరకు నమ్మదగ్గవి కావు, నమ్మరానివీ కావు. పనిని ఎలా చేసేవాళ్లో చెప్పేటప్పుడు అవి గట్టిగా నిలబడతాయి. ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడిగితే తడబడతాయి. ఇంటి పరువుకు సంబంధించిన చోట అసలు మాట్లాడవు.

పని సంగతికి సఫోక్ జిల్లా మంచి ఉదాహరణ. 1948లో జార్జ్ ఎవర్ట్ ఎవాన్స్ కుటుంబంతో బ్లాక్స్‌హాల్ అనే ఊరికి వచ్చాడు. ఆయన భార్య అక్కడి బడిలో టీచరు. ఇరుగుపొరుగు వృద్ధులతో, ముఖ్యంగా ఒక గొర్రెలకాపరి దంపతులతో, మాట్లాడి రాసిన పుస్తకం 1956లో అచ్చయింది. రొట్టె కాల్చడం, ఇంట్లో బీరు కాచడం, గొర్రెల బొచ్చు కత్తిరించడం, కొడవలితో కోత కొయ్యడం, అన్నీ పనిముట్ల పేర్లతో సహా అందులో ఉన్నాయి. పరిగె ఏరుకోవడం గురించి ఆ ప్రాంతపు పెద్దలు చెప్పే వివరాలు మరీ పొందికగా ఉంటాయి. కోసిన చేలో ఒక కట్ట నిలబెట్టి ఉందంటే ఇంకా లోపలికి అడుగు పెట్టకూడదని అర్థం. ఆ కట్టను ‘పోలీసు’ అనేవాళ్లు. అది తీశాకే ఆడవాళ్లూ పిల్లలూ చేలో దిగేవాళ్లు. చాలా ఊళ్లలో పొద్దున మొదలుపెట్టడానికీ సాయంత్రం ఆపడానికీ చర్చి గంట కొట్టేవాళ్లు. ఏరిన కంకుల పిండి పేద ఇంటికి చలికాలపు రొట్టె.

ఇదంతా ముసలితనపు ముచ్చట కాదనడానికి బడి లాగ్‌బుక్కులు ఆధారం. 1862 నాటి విద్యా నిబంధనల తరవాత ప్రభుత్వ గ్రాంటు అందే ప్రతి బడిలోనూ హెడ్మాస్టరు ఈ పుస్తకం రాయాల్సి వచ్చింది. పిల్లలు పరిగెకు పోయారు, పిట్టల్ని తోలడానికి పోయారు, బంగాళాదుంపలు తియ్యడానికి పోయారు, తట్టు వచ్చి బడి మూశాం అనే నమోదులు వాటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. హాజరు తగ్గితే గ్రాంటు కూడా తగ్గేది కాబట్టి కారణం రాసిపెట్టుకోవడం హెడ్మాస్టరుకు అవసరం. అందుకే వాటిలో పిల్లల ఆటపాటల కంటే గైర్హాజరీల ఊసే ఎక్కువ.

పరిగె విషయంలో ఒక చిక్కుంది. కుటుంబాలు దాన్ని తమ హక్కుగా గుర్తుపెట్టుకున్నాయి. కానీ 1788లో సఫోక్‌లోనే టిమ్‌వర్త్ ఊరి నుంచి వచ్చిన కేసులో, చేలో పరిగె ఏరుకునే హక్కు పేదలకు చట్టప్రకారం లేదని లండన్ కోర్టు తీర్పిచ్చింది. తీర్పు తరవాత వందేళ్లకు పైగా చర్చి గంటలు మోగుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరి మాట తప్పు? కోర్టు కాగితం ఒక్కటే చదివినవాడికి పరిగె 1788తో ముగిసినట్టు కనిపిస్తుంది. ఊరి ఆచారం ఎన్నాళ్లు సాగిందో చెప్పగలిగింది జ్ఞాపకమే.

వాతావరణం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. మా చిన్నప్పుడు ఏటా మోకాలి లోతు మంచు పడేదని 1930ల్లో పుట్టినవాళ్లు చెబుతారు. మధ్య ఇంగ్లాండ్ నెలవారీ ఉష్ణోగ్రతల లెక్కలు 1659 నుంచి ఉన్నాయి కాబట్టి దీన్ని సరిచూడటం తేలిక. 1940 జనవరి చాలా చల్లనిది. 1947లో జనవరి 22 నుంచి మార్చి 17 దాకా బ్రిటన్‌లో ఎక్కడో ఒకచోట రోజూ మంచు పడింది. 1963 జనవరిలో సగటు మైనస్ 2.1 డిగ్రీలు, ఆ శతాబ్దంలోకెల్లా అతి చల్లని నెల. వీటి మధ్య మామూలు చలికాలాలు ఎన్నో గడిచాయి. గుర్తుండటానికి వాటిలో ఏమీ లేదు, అంతే. గుర్తుచేసుకోవడమంటే దాచిపెట్టినదాన్ని బయటికి తియ్యడం కాదనీ, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడమనీ కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో వాదించాడు. మంచు పడిందన్న మాట నిజం. ‘ఏటా’ అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాలి.

మౌనాన్ని పట్టుకోవడం వీటన్నిటికంటే కష్టం. 1900 ప్రాంతంలో ఇంగ్లాండ్, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 150 మందికి పైగా ఏడాది నిండకుండానే చనిపోయేవారు. పట్టణాలతో పోలిస్తే పల్లెల్లో కాస్త నయం. అయినా కుటుంబ కథల్లో ఆ పిల్లల పేర్లు అరుదుగా వినిపిస్తాయి. 1911 జనగణన ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ పెళ్లిలో ప్రాణంతో పుట్టినవాళ్లెందరు, ఉన్నవాళ్లెందరు, పోయినవాళ్లెందరు అని వివాహితలను అందులో అడిగారు. ఇంటివాళ్లు తమ చేతులతో నింపిన పత్రాలే ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డను అమ్మమ్మ తన బిడ్డగా పెంచిన ఇళ్లలో మాత్రం కుటుంబ జ్ఞాపకంతో పాటు జనగణన పత్రమూ అబద్ధం చెప్పగలదు. రెండింటికీ సమాచారం ఇచ్చింది ఒకే ఇల్లు కదా.

ఆడవాళ్ల పని విషయంలో జనగణన మరీ గుడ్డిది. కూలివాడి భార్య కలుపు తీసినా, దుంపలు తీసినా, ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికినా వృత్తి గడి చాలాసార్లు ఖాళీగానే ఉండేది. సోమవారం తెల్లవారకముందే కాగు కింద మంట పెట్టిన అమ్మను పిల్లలు మరిచిపోలేదు. ఇక్కడ నేను కాగితాన్ని కాదు, పిల్లల మాటనే నమ్ముతాను.

ఎవరి జ్ఞాపకాలు మనదాకా వచ్చాయన్నది మరో ప్రశ్న. 1970ల మొదట్లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పాల్ థాంప్సన్ బృందం 1911 జనగణనలోని వృత్తుల పాళ్లను బట్టి సుమారు 450 మంది వృద్ధులను ఎంచుకుని మాట్లాడింది. రోనాల్డ్ బ్లైత్ ‘ఏకెన్‌ఫీల్డ్’ (1969) అలాంటిది కాదు. సఫోక్‌లో చార్స్‌ఫీల్డ్, దాని చుట్టుపక్కల జనంతో మాట్లాడి, ఊరికీ మనుషులకీ పేర్లు మార్చి రాసిన రచన అది. సామాజిక శాస్త్రవేత్త హోవర్డ్ న్యూబీ దాన్ని ఆధారంగా వాడుకోవడంలోని ఇబ్బందుల్ని ఎత్తిచూపాడు. ఆ హెచ్చరిక సబబే.

ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ల వయసులో ఉన్నవాళ్ల మాటను సరిచూడటం ఇంకా కష్టం. 1931 జనగణన పత్రాలు 1942 డిసెంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో జనగణనే జరగలేదు. 1939 సెప్టెంబరు 29న తీసిన జాతీయ రిజిస్టరు ఉంది గానీ, బాంబుల భయంతో ఆ నెల మొదట్లోనే నగరాల నుంచి పదిహేను లక్షల మందిని, ఎక్కువగా పిల్లల్ని, తరలించారు. అందుకే చాలా పల్లెల జనాభా ఆ రోజున మామూలుగా లేదు. 1941 నుంచి 1943 దాకా జరిగిన జాతీయ వ్యవసాయ సర్వేలో అయిదెకరాలు, ఆపైన ఉన్న ప్రతి పొలానికీ పత్రం ఉంది: కరెంటు ఉందా, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, గుర్రాలెన్ని, ట్రాక్టరు ఉందా. మా ఊళ్లో అప్పటికి కరెంటు లేదని ఒక పెద్దాయన అంటే ముందు చూడాల్సింది ఆ పత్రమే. ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవారన్నది 1951 జనగణన కొంత చెప్పగలదు, కానీ నూరేళ్ల గోప్యత నియమం ప్రకారం దాని పత్రాలు 2052లో గానీ బయటికి రావు.